చదువుల గదిలో నీలి వెలుగు

మంత్రిగారు రోజూ ఉదయం ఐదు గంటలకు లేచి, ఏడు గంటల దాకా ఆన్‌లైన్‌లో డిగ్రీ చదువుకుంటారన్నది నగరంలో అందరికీ తెలిసిన సంగతి. నీకెవరు చెప్పారని అడిగితే ప్రతివారూ మరొకరిని చూపించేవారు. ఇంతమంది చెబుతున్నారంటే నిజమే అయి ఉండాలని ఆ మరొకరు కూడా నమ్మేవారు. పాలు పోసే మనిషి కళ్లారా చూశానన్నాడు. పేపరు వేసే మనిషి తాను అంతకు ముందే చూశానన్నాడు. ఇద్దరూ చూసినది మంత్రిగారి నివాసంలో పై అంతస్తు చివరి గది కిటికీ తెర వెనక కనిపించే నీలి వెలుగు. కంప్యూటర్ తెర తప్ప లోకంలో నీలంగా వెలిగే వస్తువు మరొకటి లేదని అప్పటికే ఊరంతా తీర్మానించుకుంది.

ఈ విద్యాదీక్షకు మూలం అంతకు ముందు జరిగిన ఒక విలేకరుల సమావేశం.

ఆయన ఉన్నత విద్యాశాఖకు మంత్రి. ఆయనకు అప్పటికి డిగ్రీ లేదు. ఏ కళాశాలలోనూ చదవలేదు కాబట్టి ఏ కళాశాల పట్లా పక్షపాతం ఉండదన్నది ఆ నియామకం వెనకనున్న దూరదృష్టి. ఆన్‌లైన్‌లో సంపాదించిన డిగ్రీని డిగ్రీగా లెక్కించాలా, వద్దా అన్న ప్రశ్న మూడేళ్లుగా ప్రభుత్వాన్ని వేధిస్తుండగా, లాభనష్టాలను బేరీజు వేయడానికి ఒక కమిటీ ఏర్పడింది. దానికి ఆయనే అధ్యక్షులయ్యారు.

"తెలియని విషయం మీద నివేదిక సమర్పించడం మన సంప్రదాయం," అన్నారు మంత్రిగారు గంభీరంగా. "ఆ సంప్రదాయమంటే నాకు గౌరవం ఉంది. అయినా ఈసారి నేనే స్వయంగా ఆన్‌లైన్‌లో డిగ్రీ సంపాదించి, ఆ తర్వాతే నివేదిక మీద సంతకం పెడతాను."

హాలు చప్పట్లతో మారుమోగింది. ఒక విలేకరి లేచి, "ఏ డిగ్రీ సార్?" అని అడిగాడు.

"అది కమిటీ నిర్ణయిస్తుంది."

ఆ చారిత్రక ప్రకటనను మంత్రిగారికి అతి సమీపంగా విన్న వ్యక్తి బల్ల కింద ఉన్నాడు. మైకు ప్లగ్గు వదులుగా ఉండడం వల్ల, ప్రసంగం సాగినంతసేపూ దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చోవడం అతని విధి. సచివాలయ భవనంలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ అతను. చొక్కా జేబులో కలంలాగా ఎప్పుడూ టెస్టరు ఉంటుంది కాబట్టి భవనంలో అందరూ అతన్ని టెస్టర్ అనే పిలిచేవారు. ఏ తీగనైనా ముట్టుకునే ముందు అందులో కరెంటు ఉందో లేదో టెస్టరు పెట్టి చూడడం అతని అలవాటు. "మెయిన్ ఆఫ్ చేశానయ్యా" అని పై అధికారి ప్రమాణం చేసి చెప్పినా సరే, పెట్టి చూశాకే ముట్టుకునేవాడు. ఇరవై ఆరేళ్లు ప్రాణాలతో ఉండడానికి అదే కారణమని అతని అభిప్రాయం.

మంత్రిగారి మాట చెవిన పడగానే బల్ల కింద టెస్టర్ ప్లగ్గును మరింత గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఎందుకంటే అతనికి ఆన్‌లైన్ డిగ్రీ ఉంది.

విద్యుత్ సాంకేతిక శాస్త్రంలో పట్టా అది. ఫోనుకి సిగ్నల్ అందేది భవనం మీది లిఫ్టు మోటారు గదిలో మాత్రమే కావడంతో, నాలుగేళ్ల పాటు భోజన విరామాలన్నీ అక్కడే గడిపాడు. లిఫ్టు కదిలినప్పుడల్లా పాఠం వినపడేది కాదు. అందువల్ల పాఠాల్లో ఎక్కువ భాగం జనం లిఫ్టు ఎక్కని సెలవు రోజుల్లోనే అర్థమైంది. భవనంలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ పోస్టు మూడేళ్లుగా ఖాళీగా ఉంది. డిగ్రీ ఉన్నవారే అర్హులు. డిగ్రీ ఉన్న ఎలక్ట్రీషియన్ అతనొక్కడే. అతని ఫైలు మీద మాత్రం ఒక అధికారి ఇలా రాశాడు: "దరఖాస్తుదారుకు పట్టా ఉన్నది. అయితే ఆ పట్టా పట్టాయేనా అన్నది పరిశీలించవలసి ఉన్నది." ఆ పరిశీలనే ఇప్పుడు కమిటీ అయింది. యాభై ఏళ్లు నిండేలోగా పదోన్నతి రాకపోతే ఇక ఎప్పటికీ రాదన్నది నిబంధన. అతనికి యాభై నిండడానికి పదకొండు నెలలున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నాలుగు వీధుల జనానికి ఆమె బట్టలు కుడుతుంది. కొలత తీసుకోకుండా కత్తెర పట్టుకోదు.

"ఇక మన పని అయిపోయినట్టే," అన్నాడు టెస్టర్. "మంత్రిగారే ఆన్‌లైన్‌లో చదువుతానన్నారు. తాను చదివిన చదువుని తానే కాదంటారా?"

"ఆయన చదువుతానన్నారా, చదివారా?"

"చదువుతారు."

"అయితే చదివాక చెప్పండి," అని ఆమె మిషను తొక్కింది.

కొద్ది వారాలకే సాక్ష్యం ఇంటికి నడిచి వచ్చింది. ఆమె తమ్ముడు మంత్రిగారి నివాసం గేటు దగ్గర కాపలా ఉద్యోగి. డ్యూటీ దిగి అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా నీలి వెలుగు గురించి ఒక కొత్త వార్త తెచ్చేవాడు.

"బావా, ఏం దీక్షనుకున్నావు! సరిగ్గా ఐదింటికి వెలుగొస్తుంది. సరిగ్గా ఏడింటికి పోతుంది. ఒక్క నిమిషం అటూ ఇటూ ఉండదు. నా వాచీ ఆ వెలుగుని చూసే సరిచేసుకుంటున్నాను."

"ఆదివారాలు?" అంది అక్క.

"ఆదివారాలు కూడా! అదొక్కటే కాదక్కా. పోయిన నెల మంత్రిగారు సదస్సుకని విదేశం వెళ్లారా? ఆ పది రోజులూ కూడా ఐదింటికి వెలుగు వచ్చింది!"

"ఆయన లేకుండా ఎలా వచ్చిందిరా?"

"అదేంటక్కా అలా అంటావు? అందుకే కదా దాన్ని ఆన్‌లైన్ అన్నారు! మనిషి ఎక్కడుంటేనేం?"

అక్క మిషను ఆపి తమ్ముడి వంక చూసింది. అతను చిన్నప్పుడు మెట్ల మీంచి తలకిందులుగా పడిన సంగతి ఆమెకు గుర్తొచ్చినట్టుంది.

"మీరేమంటారండీ?" అని భర్తని అడిగింది.

అదే మరొకరి కిటికీ అయితే టెస్టర్ ఆ వెలుగుకి కారణం వెతికి ఉండేవాడు. కానీ తన ఫైలు ఎవరి బల్ల మీద ఉందో వారి కిటికీ మీద టెస్టరు పెట్టాలని అతనికి అనిపించలేదు. "పెద్దవాళ్ల పద్ధతులు పెద్దవాళ్లవి," అని టీ కప్పు అందుకున్నాడు.

"బాగుంది. ఇంట్లో దోమల బ్యాటు వెలిగినా పెట్టి చూసేవారు," అందామె.

ఇక కమిటీ సంగతి. ఆన్‌లైన్ విషయాన్ని ఆన్‌లైన్‌లోనే చర్చించడం సముచితమని మొదటి సమావేశం ఆ విధంగానే జరిపారు. పదిమంది సభ్యులూ ఒకే వరండాలోని పది గదుల్లో తలుపులు వేసుకుని తెరల ముందు కూర్చున్నారు. కరెంటు పోకుండా చూడడానికి టెస్టర్‌ని మంత్రిగారి గదిలో నిలబెట్టారు. మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు. మొదటి నిమిషంలోనే వారి మైకు మూసి ఉందన్న విషయం టెస్టర్ గమనించాడు. తెరలో సభ్యులందరూ భక్తిగా తలలు ఊపుతున్నారు.

టెస్టర్ మెల్లగా మంత్రిగారి వ్యక్తిగత కార్యదర్శి పక్కకి జరిగాడు. కమిటీకి కన్వీనర్ కూడా ఆ కార్యదర్శే.

"సార్, మంత్రిగారి మాట అవతలికి వినిపించడం లేదండీ."

"నాకు తెలుసయ్యా."

"మరి చెప్పొద్దాండీ?"

"ఇప్పుడు చెబితే ఇంతసేపూ ఎందుకు చెప్పలేదంటారు. మొదట్లో చెప్పాలి. మొదట్లో చెబితే, మొదట్లోనే అడ్డుపడ్డానంటారు." కార్యదర్శి అద్దాలు తుడుచుకున్నాడు. "అయినా వాళ్లు వినడానికి రాలేదు. ఆమోదించడానికి వచ్చారు."

సమావేశపు మినిట్స్‌లో, "అధ్యక్షులవారి ప్రసంగం సభ్యులందరినీ నిశ్శబ్దంలో ముంచివేసింది" అని నమోదైంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

రెండో దశలో సాక్షులను పిలిచారు. కమిటీ కోసం రెండు గదులు కేటాయించారు. ఒకదాని తలుపు మీద 'లాభాలు' అని, రెండోదాని మీద 'నష్టాలు' అని బోర్డులు పెట్టారు. ఏ గదిలో కూర్చున్నవారి అభిప్రాయం ఆ పద్దు కింద రాసుకుంటారు. ప్రభుత్వం నిష్పాక్షికమైనది కాబట్టి నివేదికలో లాభాలెన్ని ఉంటే నష్టాలూ సరిగ్గా అన్నే ఉండాలని ముందే నియమం పెట్టుకున్నారు.

మొదటి వారంలో ఇరవై మూడు లాభాలు, తొమ్మిది నష్టాలు వచ్చాయి. ఈ అసమానతకు కారణాన్ని ఒక ఉపసంఘం శాస్త్రీయంగా పరిశోధించి, టీ లాభాల గదిలో మాత్రమే ఇస్తున్నారని కనిపెట్టింది. వెంటనే టీని నష్టాల గదికి మార్చారు, బిస్కెట్లు కూడా జోడించారు. నాలుగు రోజుల్లో నష్టాలు ఇరవై రెండుకు ఎదిగాయి. 'ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు' అని మొదటి వారం లాభంగా చెప్పిన ఒక ఉపాధ్యాయుడు, రెండో వారం వచ్చి 'ఇంట్లో కూర్చునే చదువుకోవాలి' అని నష్టంగా చెప్పి, రెండు బిస్కెట్లు తిని వెళ్లాడు.

ఇంకొక్క నష్టం తక్కువైంది. గడువు ఆ రోజుతో ముగుస్తుంది. వరండాలో ట్యూబులైటు మారుస్తున్న టెస్టర్ కార్యదర్శి కంట పడ్డాడు.

"ఏమయ్యా టెస్టరూ, నీకు ఆన్‌లైన్ డిగ్రీ ఉందన్నావు కదూ? దిగు. దిగి చెప్పు, నువ్వు లాభమా, నష్టమా?"

ఈ రోజు కోసమే టెస్టర్ మూడేళ్లుగా ఎదురు చూస్తున్నాడు. నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పని మానకుండా చదువుకున్నానండీ. పాఠం అర్థం కాకపోతే వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారి కూడా మాస్టారు విసుక్కోలేదు. అది లాభమేనండీ."

"లాభాలు నిండిపోయాయి. తర్వాత?"

"అయిదోసారి విన్నా మాస్టారిది అదే మాట, అదే చోట అదే దగ్గు. నాకు అర్థం కాలేదని ఆయనకి తెలిసే దారి లేదు. క్లాసులో అయితే నా మొహం చూసి ఇంకోలా చెప్పేవారేమో. అది నష్టమండీ."

"ఆఁ, ఇలా రా దారికి!"

"కానీ ఉండండి సార్. తెర మీద ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎన్నిసార్లయినా విప్పొచ్చు, షాకు కొట్టదు. మంచిదే. కానీ షాకు కొట్టదు కాబట్టి భయం నేర్చుకోలేమండీ. నాకు ఆ భయం ముందే ఉంది కాబట్టి సరిపోయింది. లేనివాడికి ఆ చదువు ఒక్కటే చాలదు. ఉన్నవాడికి అది బంగారం. మొత్తం మీద మనిషిని బట్టి ఉంటుంది."

కమిటీ తొమ్మిది నెలల జీవితంలో ఆన్‌లైన్ చదువు గురించి ఎవరైనా ఆలోచించి చెప్పిన మాటలు అవే. కార్యదర్శి చిరాగ్గా కలం మూసేశాడు.

"మనిషిని బట్టి అనే గది లేదయ్యా. ఉన్నవి రెండే గదులు. సరే, ఒక్క మాట చెప్పు. డిగ్రీ వచ్చాక నీకు ప్రమోషన్ వచ్చిందా?"

"రాలేదండీ. ఆ ఫైలే కదా మీ దగ్గర..."

"రాలేదు!" కార్యదర్శి మొహం వెలిగిపోయింది. "రాసుకోండి. నష్టం ఇరవై మూడు: డిగ్రీ సంపాదించినా పదోన్నతి రాకపోవడం. ఉదాహరణ, ఈ భవనపు ఎలక్ట్రీషియన్. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు. బిస్కెట్ తీసుకో."

తన గురించి రాసిన వాక్యంలో అబద్ధం లేదు కాబట్టి టెస్టర్ సంతకం పెట్టాడు. బిస్కెట్ మెత్తబడి ఉంది.

ఆ నెలాఖరుకే మంత్రిగారు పట్టభద్రులయ్యారు. సుపరిపాలనా శాస్త్రంలో మూడేళ్ల కోర్సును ఏడు నెలల్లో, ప్రథమ శ్రేణిలో పూర్తి చేశారు. హాజరు నూటికి నూట నాలుగు శాతం. రద్దయిన తరగతులకు కూడా వారు హాజరయ్యారని విశ్వవిద్యాలయం వివరణ ఇచ్చింది. తెల్లారకముందే వెలిగే ఆ నీలి వెలుగు గురించి పత్రికలు సంపాదకీయాలు రాశాయి. ఆలస్యంగా లేచే పిల్లలకు తల్లులు ఆ కిటికీని ఉదాహరణగా చూపించారు. కమిటీ నివేదిక కూడా వెలువడింది. అందులో లాభం ఒకటి: "ఎంత తీరిక లేని వ్యక్తి అయినా ఇంట్లోనే కూర్చుని చదివి డిగ్రీ సంపాదించవచ్చు. ఉదాహరణ, గౌరవ మంత్రివర్యులు." చివరి పేజీలో ఇరవై మూడో నష్టం టెస్టర్. మంత్రిగారితో పాటు ఒకే పుస్తకంలో చోటు దక్కినందుకు సహోద్యోగులు అతన్ని అభినందించారు.

ఫైలు తిరిగొచ్చింది. టెస్టర్ దాన్ని పట్టుకుని కార్యదర్శి గదికి పరిగెత్తాడు.

"సార్, ఆన్‌లైన్ డిగ్రీ డిగ్రీయేనని నివేదికలో ఒప్పుకున్నారు కదండీ. మరి నాకెందుకు కాదన్నారు?"

"నీ డిగ్రీ మంచిదేనయ్యా, ఎవరు కాదన్నారు?" కార్యదర్శి ఓపిగ్గా వివరించాడు. "కానీ నువ్వు నష్టంగా నమోదయ్యావు. నీకు ప్రమోషన్ ఇస్తే నష్టాల్లో ఒకటి తగ్గుతుంది. నష్టం ఒకటి తగ్గితే లాభం ఒకటి తీసెయ్యాలి. అచ్చయిన నివేదికలో ఏ లాభం తీసెయ్యమంటావు? నువ్వే చెప్పు."

టెస్టర్ చేతిలోని ఫైలు మళ్లీ విప్పి చూశాడు. దాని మీద, "దరఖాస్తుదారు ప్రస్తుత స్థితిలో కొనసాగడం జాతీయ ప్రాముఖ్యం గల విషయం" అని రాసి ఉంది.

ఇంట్లో ఆ వార్త విని భార్య చాలాసేపు సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

"ఏమండీ, మీరు నష్టమని మీరే సంతకం పెట్టి ఇచ్చారా?"

"రాసింది నేను కాదు. సంతకం మాత్రమే పెట్టాను."

"ఇరవై రెండేళ్లుగా నేను నోటితో చెబితే ఒప్పుకోలేదు. వాళ్లు కాగితం మీద రాసేసరికి ఒప్పుకున్నారా?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇంకెన్ని రోజులుంది?" అని అడిగింది.

"పంతొమ్మిది."

ఆ రాత్రి భోజనంలో ఉప్పు లేదన్న సంగతి ఇద్దరూ గమనించలేదు.

పన్నెండు రోజులు మిగిలి ఉండగా ప్రభుత్వం మరో ఘనమైన ప్రకటన చేసింది. మంత్రిగారు చదువుకున్న గదిని విద్యార్థుల సందర్శనార్థం తెరుస్తారు. గదికి 'చదువుల గది' అని పేరు. ప్రారంభోత్సవం ఎల్లుండి. ఆహ్వాన పత్రాలు పంచారు, రిబ్బను కొన్నారు. ఆ మధ్యాహ్నమే, ఎవరికీ పని లేని వేళ, ఒక గుమాస్తా నిబంధనల పుస్తకం తిరగేశాడు.

ప్రజలు గుమిగూడే ఏ ప్రభుత్వ గదికైనా విద్యుత్ భద్రతా పత్రం ఉండాలి. గదిలోని విద్యుత్ సాధనాలన్నింటి వివరమూ అందులో రాయాలి. డిగ్రీ గల సూపర్‌వైజర్ సంతకం చేయాలి. ఆ పత్రాన్ని ప్రారంభోత్సవంలో అందరికీ వినపడేలా చదివి, అద్దం బిగించి గుమ్మం పక్కన తగిలించాలి. పూర్వం ఒక సభలో వేదిక మీది దీపం ముఖ్య అతిథి ఒడిలో పడినప్పుడు పెట్టిన నిబంధన అది. ఆ ముఖ్య అతిథి ఇప్పటి మంత్రిగారే కావడంతో దాన్ని సడలించే ధైర్యం ఎవరికీ లేదు.

సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ. డిగ్రీ ఉన్నవాడు ఒక్కడే.

కార్యదర్శి స్వయంగా మెట్లెక్కి లిఫ్టు మోటారు గదికి వచ్చాడు. టెస్టర్ మోటారుకి నూనె వేస్తున్నాడు.

"నమస్కారమండీ," అన్నాడు కార్యదర్శి.

టెస్టర్ వెనక్కి తిరిగి చూశాడు. గదిలో తను తప్ప ఇంకెవరూ లేరు.

"మీకు ప్రమోషన్ ఇస్తున్నామండీ. ఇదిగో ఆర్డరు. శాశ్వత నియామకం."

"శాశ్వతమా?"

"తాత్కాలికంగా ఇవ్వాలంటే మూడు శాఖల అనుమతి కావాలి. శాశ్వతంగా అయితే మంత్రిగారి సంతకం ఒక్కటే చాలు."

"మరి నివేదికండీ? నష్టం ఒకటి తగ్గిపోతుంది కదా?"

"తగ్గితే ఏదో ఒక లాభం తీసేద్దాం లెండి. ఏదన్నది తర్వాత చూసుకోవచ్చు." కార్యదర్శి ఇంకో కాగితం చాపాడు. "ముందు ఈ భద్రతా పత్రం మీద సంతకం పెట్టండి సూపర్‌వైజర్‌గారూ. ఖాళీలు తర్వాత మేం నింపుకుంటాం."

టెస్టర్ మొదటి కాగితాన్ని నాలుగుసార్లు చదివాడు. ప్రతిసారీ అందులో అదే మాట ఉంది. దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో, టెస్టరు పక్కన పెట్టుకున్నాడు. రెండో కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"గది చూడకుండా సంతకం ఎలా పెడతానండీ?"

"చూసి పెడతారా?" కార్యదర్శి నోరు వెళ్లబెట్టాడు. ఆ భవనంలో అతనికి అది కొత్త ఆలోచన. "సరే, మీ చాదస్తం మీది. చూసి, రాసి, నేరుగా అద్దం బిగించేవాడికి ఇచ్చేయండి. నాకు చూపించక్కర్లేదు. నేను ఎలాగూ చదవను."

మర్నాడు టెస్టర్ మంత్రిగారి నివాసానికి వెళ్లాడు. మంత్రిగారి ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. బావమరిది గేటు తీసి, పై అంతస్తు దాకా ముందు నడిచి, తలుపు దగ్గర చెప్పులు విడిచాడు.

"చెప్పులెందుకురా విడిచావు?"

"చదువుల గది కదా బావా."

టెస్టర్ లోపల పావుగంట ఉన్నాడు. బయటికి వచ్చినప్పుడు అతని మొహంలో, మెయిన్ ఆఫ్ చేశానని చెప్పిన తీగ మీద టెస్టరు వెలిగినప్పుడు కనిపించే భావం ఉంది.

"వెలుగు ఎన్నింటికి వస్తుందన్నావురా?"

"ఐదింటికి బావా. ఏడింటికి పోతుంది. సరిగ్గా!"

"అవును, సరిగ్గానే ఉంది," అన్నాడు టెస్టర్.

ఇంటికి వెళ్లి ఖాళీ పత్రం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. భార్య అన్నం వడ్డించి, అతను తినకపోవడం చూసి, ఎదురుగా కూర్చుంది. విషయమంతా విని కంచాన్ని అతని వైపు జరిపింది.

"ఇది రాస్తే నన్ను ఉంచుతారా?" అన్నాడతను. "ఇరవై ఆరేళ్లు పని చేసి, నాలుగేళ్లు ఆ మోటారు మోతలో చదివితే, నిన్న చేతికొచ్చింది. వాళ్లు రాసుకుంటామన్నట్టు రాయనిస్తే..."

"చూడనిది రాయడానికి వాళ్ల దగ్గర బోలెడుమంది ఉన్నారు," అందామె. "చూసి రాస్తారని కదా మీకిచ్చిన పోస్టు. చూసింది రాయండి. చూడనిది ఒక్క అక్షరం రాయకండి. అన్నం చల్లారిపోతోంది."

అతను ఏ చేత్తో తింటున్నాడో ఏ చేత్తో రాస్తున్నాడో చూసుకోకుండా రెండు పనులూ ఒకేసారి పూర్తి చేశాడు. పత్రం మీద ఒక మూల చిన్న నూనె మరక పడింది.

ప్రారంభోత్సవం నాడు గది బయటి వరండా విద్యార్థులతో, విలేకరులతో కిక్కిరిసిపోయింది. ప్రజల కోసం తన నిద్రను త్యాగం చేశానని మంత్రిగారు చెబుతుండగా ముందు వరుసలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. కార్యదర్శి అందరికన్నా ముందుగా తుడుచుకున్నాడు. బావమరిది మళ్లీ చెప్పులు విడిచాడు. టెస్టర్ భార్య వెనక వరుసలో, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఇక నిబంధన ప్రకారం," అని మంత్రిగారు చిరునవ్వుతో ప్రకటించారు, "నాలాగే ఆన్‌లైన్‌లో చదువుకుని డిగ్రీ సంపాదించిన మన కొత్త సూపర్‌వైజర్‌గారు భద్రతా పత్రాన్ని చదువుతారు. గట్టిగా చదవండి! పిల్లలందరికీ వినపడాలి!"

సూపర్‌వైజర్ మైకు ముందుకి వచ్చాడు. అలవాటు కొద్దీ దాని ప్లగ్గు ఒకసారి గట్టిగా నొక్కి చూసుకున్నాడు. మైకు తెరిచి ఉందని నిర్ధారణ చేసుకున్నాడు. అద్దం చట్రాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు.

"గదిలో ప్లగ్ పాయింట్లు: ఒకటి. దానికి తగిలించి ఉన్నది: చేపల తొట్టి దీపం. దీపం రంగు: నీలం. దీపానికి టైమరు ఉన్నది. ఉదయం ఐదు నుంచి ఏడు వరకు పెట్టి ఉన్నది. ఇంటర్నెట్ తీగ: లేదు. కంప్యూటర్: ఒకటి; అట్టపెట్టెలో ఉన్నది; కంపెనీ సీలు తీయలేదు."